పాతబస్తీలో నీళ్ల తిప్పలు: పైన ట్యాంకు ఓవర్‌ఫ్లో.. కింద సంపు ఖాళీ! మోటార్‌ను ఇలా సెట్ చేసుకోండి

పాతబస్తీలో చాలా చోట్ల నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అవి కూడా కొద్దిసేపే. ఆ కాసేపట్లో పట్టుకున్న నీళ్లే రెండు రోజులకు ఆధారం. అలాంటిది మోటార్ ఆపడం మర్చిపోతే ట్యాంకు పొంగి నీళ్లన్నీ గల్లీ పాలు. అసలు ట్యాంకులో మట్టాన్ని, నీటి ధారను కంట్రోల్ చేయడమెలా? తెలుసుకుందాం.

నల్లాకు మోటార్ బిగిస్తే డేంజర్!

ప్రెజర్ తక్కువుందని కొందరు నల్లా పైపుకే మోటార్ పెడుతుంటారు. దీంతో పక్కింటికి నీళ్లు అందవు. అంతకన్నా పెద్ద ముప్పు ఇంకోటుంది. మోటార్ గట్టిగా లాగితే పైపులో ప్రెజర్ పడిపోతుంది. పాత పైపుకు పగులు ఉంటే, పక్కనున్న డ్రైనేజీ నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. తాగునీటిలో మురుగు కలిస్తే ఏమవుతుందో 2009లో భోలక్‌పూర్‌లో నగరం చూసింది. కలుషిత నీళ్లు తాగి అక్కడ పలువురు ప్రాణాలు కోల్పోయారు. నల్లాలకు మోటార్లు పెట్టేవారిపై 2025 ఏప్రిల్‌లో జలమండలి స్పెషల్ డ్రైవ్ మొదలుపెట్టింది. దొరికితే మోటార్ సీజ్, రూ.5 వేల జరిమానా.

మరేం చేయాలి? నల్లా నీళ్లు ముందు సంపులోకి దానంతట అవే పడాలి. సంపుకు జాగా లేకపోతే నేల మీద డ్రమ్ము పెట్టినా చాలు. మోటార్ అక్కడి నుంచే లాగాలి.

టైమ్ చూసి కాదు.. మట్టం చూసి ఆపాలి

ఉదాహరణకు మోటార్ నిమిషానికి 30 లీటర్లు ఎక్కిస్తోంది అనుకుందాం. అదే టైమ్‌లో ఇంట్లో 10 లీటర్లు వాడుతున్నారు. అంటే ట్యాంకులో నిమిషానికి పెరిగేది 20 లీటర్లే. 600 లీటర్లు నిండాలంటే అరగంట. ఎవరూ వాడకపోతే 20 నిమిషాలే! అందుకే గడియారం లెక్క ఒకరోజు కుదిరితే ఇంకోరోజు తప్పుతుంది.

దీనికి పరిష్కారం ఫ్లోట్ స్విచ్. వెయ్యి లీటర్ల ట్యాంకులో మట్టం 300కు పడితే ఆన్, 900కు చేరితే ఆఫ్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఈ రెండింటి మధ్య గ్యాప్ తప్పనిసరి. లేదంటే బకెట్ నీళ్లు వాడినా మోటార్ ఆన్, మళ్లీ ఆఫ్. ఇలా మాటిమాటికీ స్టార్ట్ అయితే మోటార్ వేడెక్కి కాలిపోతుంది.

సంపులోనూ ఇంకో ఫ్లోట్ స్విచ్ ఉండాలి. పైన ట్యాంకు ఖాళీగా ఉన్నా సరే, కింద నీళ్లు లేకపోతే మోటార్ తిరగకూడదు. నీళ్లు లేకుండా తిరిగితే సీల్ దెబ్బతింటుంది. సంపులోకి వచ్చే పైపుకు బాల్‌కాక్ పెడితే అది నిండగానే నల్లా ధార దానంతటదే ఆగుతుంది.

ధార తగ్గించాలంటే ఏ వాల్వ్ తిప్పాలి?

మోటార్ నుంచి పైకి వెళ్లే పైపులోని వాల్వ్‌నే కొద్దిగా తిప్పాలి. సంపు నుంచి మోటార్‌కు వచ్చే పైపులో వాల్వ్ బిగిస్తే లోపల నీటి బుడగలు పుట్టి ఫ్యాన్ పాడవుతుంది.

ఇక పై అంతస్తులో నల్లా సన్నగా రావడానికి ఒక కారణం ట్యాంకు ఎత్తు చాలకపోవడం. ఎత్తు నాలుగింతలైతే గానీ ధార వేగం రెండింతలు కాదు. కాబట్టి సన్నపైపు మార్చి పెద్ద సైజు వేయడమే చాలాసార్లు సులువు.

నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా తాగొద్దు. వెంటనే జలమండలి హెల్ప్‌లైన్ 155313కు కాల్ చేయండి.