దిగుమతి చేసిన ఇంటి ప్లాన్ ఎందుకు నెమ్మదిస్తుంది?

చిట్యాల నుంచి వచ్చే మన విద్యార్థి ఒకరు ఒక ఆదివారం కాంటాక్టు తరగతి ముగిశాక ల్యాప్‌టాప్ నా ముందు పెట్టారు. డ్రాఫ్ట్స్‌మన్ ఇచ్చిన ఇంటి ప్లాన్ పీడీఎఫ్‌ను ఇంక్‌స్కేప్‌లో తెరిచి, గదులకు రంగులు వేసి యజమానికి ఇవ్వాలి. గోడ మీద క్లిక్ చేస్తే చాలాసేపటికి గాని అది ఎంపిక కావడం లేదు. అప్పు చేసైనా కొత్త కంప్యూటర్ కొంటానన్నారు. కొనే ముందు ఫైలులో ఏముందో చూద్దామన్నాను.

ఆటోకాడ్‌లో హ్యాచ్ ఒకే వస్తువు. సరిహద్దు, నమూనా పేరు, కోణం, స్కేలు గుర్తుంచుకుంటే దానికి చాలు. పీడీఎఫ్‌గా మార్చినప్పుడు అదే హ్యాచ్ సాధారణంగా విడివిడి గీతలుగా విడిపోతుంది. లెక్క వేసి చూడండి. ఇంట్లో గోడల మొత్తం పొడవు 150 అడుగులు, గోడ పొడవున అంగుళానికొక ఏటవాలు గీత అనుకుంటే 150 × 12 = 1,800 గీతలు. ఇవి గోడలకే. టైల్స్, గడ్డి, మెట్లు వేరు. ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటుతో రాసిన గది పేర్లు, కొలతలు కూడా అక్షరాలుగా కాక చిన్న చిన్న గీతలుగా వస్తాయి.

ఇంక్‌స్కేప్ వాడే ఎస్‌వీజీ 2001లో డబ్ల్యూ3సీ ప్రమాణంగా వెలువడిన పాఠ్యరూప ఫార్మాట్. అందులో ప్రతి గీతకూ సొంత వరుస, సొంత రంగు, సొంత మందం ఉంటాయి. మీరు జూమ్ చేసినా, జరిపినా తెరపై కనిపించే గీతలన్నీ మళ్లీ గీయాలి. స్నాపింగ్ పనిచేస్తుంటే మౌస్ కదిలినప్పుడల్లా దగ్గరి బిందువులను వెతకాలి. ఈ భారం ఎక్కువగా ప్రాసెసర్‌దే కాబట్టి ర్యామ్ పెంచినంత మాత్రాన ఇది తీరదు.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. తొందరపడి ప్లాన్ మొత్తాన్ని ఎంపిక చేసి సింప్లిఫై ఇచ్చాను. ఫైలు తేలికైంది గాని గోడల మూలలు గుండ్రబడ్డాయి. ఆ విద్యార్థే గమనించి, “సార్, ఇది మేస్త్రీ చేతికి వెళ్తే ఎట్ల?” అన్నారు. వెంటనే అన్‌డూ చేశాం. సింప్లిఫై ఆకారాన్ని ఉజ్జాయింపుగా మారుస్తుంది. చెట్టు బొమ్మకు పరవాలేదు, కొలతలున్న గోడకు వాడకూడదు.

తరువాత చేసిన పని ఇది. ముందుగా ఫైలుకు నకలు తీశాం. డిస్‌ప్లే మోడ్‌ను అవుట్‌లైన్‌కు మార్చి, స్నాపింగ్ ఆపేశాం. గ్రూపులు విడదీసి ఒక హ్యాచ్ గీతను పట్టుకుని, ఎడిట్ మెనూలోని సెలెక్ట్ సేమ్ ద్వారా అదే రంగు గీతలన్నిటినీ ఎంపిక చేశాం. వాటిలో కొలత గీతలు కలిసి ఉన్నాయేమో చూసి, వాటిని తప్పించి మిగిలినవి తొలగించాం. గోడలకు హ్యాచ్ బదులు ఒకే రంగు నింపాం. రంగులను వేరే లేయర్‌లో ఉంచి, ప్లాన్ లేయర్‌కు తాళం వేశాం.

వీలైతే ఇంతకన్నా ముందే జాగ్రత్త పడాలి. హ్యాచ్ లేయర్‌ను ఫ్రీజ్ చేసి పీడీఎఫ్ తీసి ఇవ్వమని డ్రాఫ్ట్స్‌మన్‌ను అడిగితే ఆయనకు రెండు నిమిషాల పని. ఆ విద్యార్థి పాత ల్యాప్‌టాప్‌తోనే రంగుల ప్లాన్ పూర్తి చేశారు. కొలతలకు మాత్రం యజమాని, మేస్త్రీ డ్రాఫ్ట్స్‌మన్ ఇచ్చిన అసలు ప్లాన్‌నే చూడాలని దాని మూలన రాయించాను.