కీమోథెరపీలో జుట్టు రాలేటప్పుడు మాడు నొప్పికి ఉపశమనం

కీమోథెరపీ ఆరంభమైన ఇంటికి బంధువులు మొదట తెచ్చేది తలనూనె. మా వదినగారికి రొమ్ము క్యాన్సర్ నిమిత్తం ఈ చికిత్స మొదలైనదని తెలిసిన నెలలోపే, పెద్ద కొడప్‌గల్‌లోని మా ఇంటికి గుంటగలగరాకు నూనె, మందార తైలం, ఉల్లి నూనె, ఇంకా పేరు తెలియని తైలాలు కలిపి ఏడు సీసాలు చేరాయి. ఇచ్చినవారందరూ ప్రేమతోనే ఇచ్చారు. అయినా వాటిలో ఏ ఒక్కటీ కీమోథెరపీ వలన రాలే జుట్టును ఆపలేదు. గృహవైద్యంపై అభిమానం గల పాఠకులకు ఈ సంగతి ముందుగానే చెప్పడం న్యాయమని తలుస్తాను. ఆ కాలంలో మాడు పడే బాధను తగ్గించడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

మన తలపై సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో నూటికి 85 నుండి 90 వరకు ఎల్లప్పుడూ పెరుగుదల దశలోనే ఉంటాయి. వాటి కుదుళ్ళలోని కణాలు శరీరంలో అతివేగంగా విభజన చెందే కణాలలో చేరినవి. కీమో మందులు అటువంటి కణాలనే దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణమేదో, కుదురులోని కణమేదో వాటికి తెలియదు. చాలామందికి ఈ చికిత్సలో నోటిపూత రావడానికి కూడ ఇదే కారణం. మందు రక్తం ద్వారా లోపలి నుండి కుదురును చేరుతుంది గనుక, పైన రాసిన నూనె దానిని అడ్డుకోలేదు.

సుశ్రుతసంహితలో ఇంద్రలుప్తమనే వ్యాధి చెప్పబడింది. రోమకూపాలలో చేరిన పిత్తం వాతంతో కూడి వెంట్రుకలను రాల్చుతుందనీ, పిమ్మట కఫం, రక్తం ఆ కూపాలను మూసివేస్తాయనీ దాని వివరణ. కీమోథెరపీలో సాధారణంగా కుదురు శాశ్వతంగా మూసుకుపోదు. కొంతకాలం పని మానివేస్తుంది, అంతే. కాబట్టి రెండింటికీ ఒకే తైలం వాడడం సరికాదని నా అభిప్రాయం.

అన్ని మందులూ జుట్టును ఒకే విధంగా రాల్చవు. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ వంటివి ఎక్కువగా రాల్చుతాయి. కొన్నింటితో జుట్టు పలుచబడుతుంది, మరికొన్నింటితో రాలనే రాలదు. ఏ మందు ఇవ్వబోతున్నారో డాక్టరును ముందే అడిగి తెలుసుకోవాలి. రాలడం సాధారణంగా మొదటి మోతాదు తరువాత రెండు, మూడు వారాలకు మొదలవుతుంది. దానికి కొద్దిరోజుల ముందే మాడు నొప్పి పుట్టవచ్చు. మా వదినగారు పదిహేనవ రోజున, "జడ బిగించి కట్టినట్లు కుదుళ్ళు లాగుతున్నాయి, దిండు మీద తల ఆనించలేకపోతున్నాను" అన్నారు. ఆ మాట విన్నప్పుడే జుట్టును పొట్టిగా కత్తిరించడం మంచిది. పొడవైన జుట్టు బరువు నొప్పిని పెంచుతుంది. పైగా పొడుగాటి వెంట్రుకలు గుప్పెళ్ళుగా చేతికి రావడం చూస్తే మనస్సు మరింత కలత చెందుతుంది. పూర్తిగా తీసివేయదలచుకుంటే ట్రిమ్మర్ వాడాలి. మంగలి కత్తి కూడదు. ఆ రోజులలో తెల్లకణాలు తగ్గి ఉంటాయి గనుక చిన్న గాటు కూడ చీము పట్టవచ్చు.

తలస్నానానికి కుంకుడురసం, శీకాయ పనికిరావు. మామూలు రోజులలో అవి మంచివే గాని, నొప్పిగా ఉన్న మాడును ఇంకా ఎండబెట్టి మండిస్తాయి. పసిపిల్లలకు వాడే మృదువైన షాంపూతో, గోరువెచ్చని నీటితో వారానికి రెండుసార్లు చాలు. తువ్వాలుతో రుద్దక అద్దాలి. మంటగా ఉంటే చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన నూలుగుడ్డను పది నిమిషాలు తలపై వేసి ఉంచితే హాయిగా ఉంటుంది.

కొబ్బరినూనె అర చెంచా, వేళ్ళ కొసలతో పూయాలి. మర్దన వద్దు. కొత్తగా తెరచిన సీసా అయి, అందులో సుగంధం కలపనిదై ఉండాలి. ముందుగా మోచేతి మడతలో రాసి ఒకరోజు చూడాలి. పుండ్లు, పగుళ్ళు ఉంటే నూనె రాయరాదు. ఉల్లిరసం, నిమ్మరసం, ఆవనూనె, కర్పూరం కలిపిన చల్లదనపు నూనెలు ఈ కాలంలో మాడుకు శత్రువులే. తోటలోని కలబందను కోసి నేరుగా రాయడం కూడ క్షేమం కాదు. దాని పసుపుపచ్చని పాలు చర్మాన్ని మండిస్తాయి. నల్ల గోరింట పేరిట అమ్మే పొడులలో తరచు జుట్టు రంగుల రసాయనం కలుస్తుంది. దానివలన బొబ్బలు రావచ్చు. కడుపులోకి తీసుకునే చూర్ణాలు, లేహ్యాలు ఏవైనా క్యాన్సర్ డాక్టరుకు చెప్పకుండా వాడరాదు. కొన్ని మూలికలు కాలేయంపై పనిచేసి, మందు బలాన్ని మార్చగలవు.

దిండు గలీబుకు, తలగుడ్డకు బజారు గుడ్డలకంటె, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీర మేలు. మా ప్రాంతపు మే నెల ఎండకు జుట్టులేని మాడు కొద్దిసేపటిలోనే కమిలిపోతుంది. సంగారెడ్డి మీదుగా హైదరాబాదు ఆస్పత్రికి బస్సులో వెళ్ళేటప్పుడు కిటికీ గాలికి, దుమ్ముకు కూడ ఆ గుడ్డే కాపు.

మాడుపై ఎర్రని చీముపొక్కులు లేచినా, రసి కారినా డాక్టరుకు చూపాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే తెల్లవారేవరకు ఆగరాదు. దూరపు ఊళ్ళవారు రాత్రివేళ ఏ ఆస్పత్రికి వెళ్ళాలో చికిత్స ఇచ్చే డాక్టరును మొదటే అడిగి వ్రాసుకోవాలి. హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రికి మా వైపు నుండి వెళ్ళేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

మాడును చల్లబరచే టోపీ ఒకటి ఉంది. చలికి రక్తనాళాలు ముడుచుకొని కుదుళ్ళకు మందు తక్కువగా చేరుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015 డిసెంబరులో రొమ్ము క్యాన్సర్ రోగులకు దీనిని అనుమతించింది. అందరికీ ఫలించదు. రక్త క్యాన్సర్లకు వాడరు. మందు ఎక్కించక ముందు, ఎక్కించేటప్పుడు, ఎక్కించిన తరువాత కూడ ధరించాలి గనుక మొదటి మోతాదుకు ముందే విచారించాలి.

గుండు కంటె గుండు చూసి అడిగే ప్రశ్నలే ఎక్కువ బాధిస్తాయి. పెద్దవాళ్ళు "ఏ దేవునికి మొక్కు తీర్చినవ్ బిడ్డా?" అంటారు. ఆడదాని గుండును అశుభంగా తలచే పాత భావన ఇంకా కొందరిలో ఉంది. మా ఇంట్లో ఒక పెళ్ళి ఉన్నందున రెండవ మోతాదును వాయిదా వేయమని సలహా ఇచ్చినవారున్నారు. అది జుట్టుకు ప్రాణంకంటె ఎక్కువ విలువ కట్టడమే. డాక్టరు చెప్పనిదే మోతాదు తేదీ మార్చరాదు. వదినగారు తేదీకే మందు తీసుకొని, తలకు పట్టుగుడ్డ చుట్టుకొని పెళ్ళికి వచ్చారు. అడిగినవారితో "మందువల్ల పోయింది పెద్దమ్మా, మళ్ళీ వస్తుంది" అన్నారు. ఇంట్లోని చిన్నపిల్లలకు ఈ మాట ముందే చెబితే వారు బెదరరు. కనుబొమలు, రెప్పల వెంట్రుకలు కూడ రాలవచ్చునని చెప్పడం మరువరాదు.

చికిత్స ముగిసిన తరువాత ఒకటి నుండి మూడు నెలలలో నూగు మొలుస్తుంది. ఆపై నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మొదట ఉంగరాలుగానో, వేరే రంగుగానో రావచ్చు. కొంతకాలానికి చాలామందికి పూర్వపు తీరుకు వస్తుంది. గుంటగలగరాకు నూనె మీద నమ్మకం ఉన్నవారు, మాడు నొప్పి పూర్తిగా తగ్గాక, డాక్టరును అడిగి అప్పుడు వాడుకోవచ్చు. రంగులు మాత్రం మరికొన్ని నెలలు ఆగాలి. డోసెటాక్సెల్ తీసుకున్న కొద్దిమందిలో జుట్టు పలుచగానే నిలిచిపోవచ్చు. ఆరు నెలలు దాటినా రాకపోతే చర్మవైద్యునికి చూపించాలి.