ముత్తవ్వ పుట్టిల్లు ఎక్కడ?

మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటి? ఆవిడ పుట్టింటి ఇంటిపేరేమిటి? చటుక్కున చెప్పగలరా? తాతలు, ముత్తాతల పేర్లయితే కాస్తో కూస్తో చెప్పేస్తాం. ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి 'ఫలానా వారి కోడలు' అని ఆగిపోతాం. ఆ కోడలు ఎవరి కూతురో, ఏ ఊళ్ళో ఆడిపాడిందో ఎవరికీ పట్టదు.

సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి ఎందరో ఆడవాళ్ళు ఒక చిన్న దేశానికి ప్రయాణం కడుతుంటారు. ఆ దేశం పేరు వేల్స్. బ్రిటన్‌కు పడమటి అంచున ఉంటుంది. జనాభా 31 లక్షలు. బొగ్గు గనుల్లో పని కోసం, సొంత భూమి కోసం, నచ్చిన మతాన్ని నచ్చినట్టు పాటించడం కోసం ఇక్కడివాళ్ళు తరతరాలుగా ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1865లో 'మిమోసా' అనే ఓడలో సుమారు 150 మంది ఏకంగా దక్షిణ అమెరికాలోని పటగోనియాకు చేరుకున్నారు. వాళ్ళ మునిమనవరాళ్ళకు ఇప్పుడు ముత్తవ్వ ఊరు చూడాలని ఆశ!

అందరూ జోన్స్‌లే!

కానీ వెతకడం అంత సులువా? వేల్స్‌లో పూర్వం ఇంటిపేర్లే లేవు. 'ఆప్' అంటే కొడుకు, 'వెర్ఖ్' అంటే కూతురు. రీస్ కొడుకైతే 'ఆప్ రీస్'. అదే నలిగి నలిగి 'ప్రైస్' అయింది. 'ఆప్ హవెల్' కాస్తా 'పవెల్' అయింది. తర్వాత తర్వాత తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. జాన్ సంతానమంతా జోన్స్‌లు, డేవిడ్ సంతానమంతా డేవిస్‌లు! 2006లో కార్డిఫ్ నగరంలో జోన్స్ ఇంటిపేరున్న వాళ్ళంతా ఒకచోట చేరితే 1,224 మంది లెక్క తేలి ప్రపంచ రికార్డు అయింది.

మరి ఒకే ఊళ్ళో నలుగురు మేరీ జోన్స్‌లుంటే మన మేరీ ఎవరు? ఊరివాళ్ళు దీనికో ఉపాయం కనిపెట్టారు. పాలు పోసే ఆయన 'పాల జోన్స్', రొట్టెలు చేసే ఆయన 'రొట్టెల జోన్స్'. పల్లెల్లో అయితే పొలం పేరు కలిపి పిలిచేవారు. అందుకే ఇంట్లో పాత ఉత్తరంలో పొలం పేరు ఒక్కటి దొరికినా చాలు, సగం పని అయిపోయినట్టే.

ఆధారం మీ ఇంట్లోనే

తెలిసినవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న వింటే నవ్వొస్తుంది. 'మీ ఇంట్లో బామ్మను ఏమని పిలిచేవారు?' అంటారు. 'నైన్' అంటే ఉత్తర వేల్స్ వాళ్ళు, 'మామ్‌గీ' అంటే దక్షిణం వాళ్ళు. 'జేజి' అనే మాట వినగానే మనం రాయలసీమ అని పోల్చుకోమూ, అలాగన్నమాట! భాష మొత్తం మరిచిపోయిన కుటుంబాల్లో కూడా బామ్మను పిలిచే పిలుపు ఒక్కటీ మిగిలిపోతుంది.

ఆ తర్వాత కాగితాలు. 1837 జూలై నుంచి అక్కడ జనన మరణాలు, పెళ్ళిళ్ళు ప్రభుత్వ దస్త్రాల్లోకి ఎక్కాయి. పుట్టిన ధ్రువపత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. 1851 నుంచి జనాభా లెక్కల్లో ఎవరు ఏ ఊళ్ళో పుట్టారో రాశారు. వందేళ్ళు దాటిన లెక్కలు చూడనిస్తారు. అలా 1921 నాటివి 2022లో బయటపెట్టారు. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలే దిక్కు.

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. పెళ్ళి దస్త్రంలో మాత్రం వధూవరుల తండ్రుల పేర్లే రాసేవారు. తల్లుల పేర్లకు చోటే లేదు! ఆ చోటు వచ్చింది ఎప్పుడో తెలుసా? 2021 మే నెలలో. అంటే 1837 నుంచి 184 ఏళ్ళ పాటు కని పెంచిన తల్లి తన బిడ్డ పెళ్ళి కాగితంలో లేనే లేదన్నమాట.

అయితే కాగితం మరిచిపోయినదాన్ని రాయి గుర్తు పెట్టుకుంది. పాతకాలం వెల్ష్ స్త్రీలు చాలామంది పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే చలామణి అయ్యేవారు. భర్త పక్కనే సమాధిలో ఉన్నా, రాతి మీద పుట్టింటి పేరే కనిపించేది. అందుకే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు నాచు పట్టిన రాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో అక్షరం తడిమి చూసుకుంటారు.

అమ్మ పేరు నిలబెట్టారు

ప్రసిద్ధ అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ పేరు వినే ఉంటారు. ఆయన తల్లి అన్నా. 1844లో ఆమె చిన్నపిల్లగా ఉండగా ఆ కుటుంబం లాండసిల్ ప్రాంతం నుంచి అమెరికా వలస వెళ్ళింది. తండ్రి ఇంటిపేరు జోన్స్, తల్లి ఇంటిపేరు లాయిడ్. పిల్లలు రెండూ కలుపుకుని 'లాయిడ్ జోన్స్' అయ్యారు. అన్నా చెల్లెళ్ళు జేన్, నెల్ ఇద్దరూ విస్కాన్సిన్‌లో బడి పెట్టి ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి చదివించారు. ఫ్రాంక్ కూడా తనకు పెట్టిన 'లింకన్' పేరు వదిలేసి అమ్మ వైపు వారి 'లాయిడ్' పెట్టుకున్నాడు. విస్కాన్సిన్‌లో కట్టుకున్న ఇంటికి పాత వెల్ష్ కవి 'టాలియెసిన్' పేరు పెట్టాడు. 1956లో, 89 ఏళ్ళ వయసులో, వేల్స్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తే అందుకోవడానికి అమ్మ పుట్టిన దేశానికి వెళ్ళాడు.

వెళితే ఏం చూస్తారు?

చాలామంది మొదట అబరిస్‌ట్విత్‌లోని జాతీయ గ్రంథాలయానికి వెళతారు. సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉంటుంది. 1858కి ముందు రాసిన వీలునామాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఎవరికి ఆవు, ఎవరికి పరుపు అని రాసిన ఆ కాగితాల్లో కూతుళ్ళ పేర్లు బయటపడుతుంటాయి. కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో ఇనుప కార్మికుల ఇళ్ళు ఆరు వరసగా ఉన్నాయి. 1805 నుంచి 1985 వరకు ఒక్కో ఇంటిని ఒక్కో కాలంనాటి ఇల్లులా సర్దిపెట్టారు. ఆ పొయ్యి, ఆ గిన్నెలు చూస్తే చాలు, ముత్తవ్వ నడుము ఎందుకు వంగిపోయిందో చెప్పక్కర్లేదు!

అందరికీ ఊరు దొరుకుతుందా? దొరకదు. కాపెల్ కెలిన్ అనే పల్లెలో ఇళ్ళు, బడి, తపాలా కార్యాలయం, ప్రార్థనా మందిరం ఉండేవి. లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం 1965లో ఆ లోయను ముంచేశారు. 48 మంది ఇళ్ళు పోయాయి. ఊరిని కాపాడుకోవాలని పోరాడిన సంఘానికి కార్యదర్శి ఒక మహిళే, ఎలిజబెత్ వాట్కిన్ జోన్స్. ఊరివాళ్ళు లివర్‌పూల్ వీధుల్లో ఊరేగింపు తీశారు. అయినా ఫలితం లేకపోయింది. 2005లో ఆ నగర పాలకులు క్షమాపణ చెప్పారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళినవాళ్ళకు కనిపించేది చెరువు, గట్టున ఒక స్మారక మందిరం. శ్రీశైలం నీళ్ళలో ఊరు పోగొట్టుకున్న మన ఆడపడుచులకు ఈ బాధ వేరే చెప్పాలా!

వెల్ష్‌లో 'హిరైథ్' అని ఒక మాట ఉంది. ఇంటి మీద, ఊరి మీద, ఇక తిరిగి రానిదాని మీద బెంగ అని అర్థం. పెళ్ళయిన ప్రతి ఆడదానికీ ఆ మాట అర్థం తెలుసు. మనం దాన్ని పుట్టింటి బెంగ అంటాం.

వేల్స్ దాకా మనం వెళ్ళనక్కర్లేదు. ఈ ఆదివారం అమ్మ దగ్గరో, అత్తగారి దగ్గరో కూర్చుని వాళ్ళమ్మ పేరు, వాళ్ళ అమ్మమ్మ పేరు, పుట్టిన ఊరు అడగండి. పిల్లల నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు. చెప్పేవాళ్ళు ఉండగానే రాసుకోవాలి. ఆ తర్వాత ఏ గ్రంథాలయంలో వెతికినా దొరకదు.