దూరవాణి మానసిక సలహా: తెలుగు నుడికారం పాత్ర

ఒత్తిడి, ఆందోళన, మానసిక అలసటలతో బాధపడేవారికి ఫోను ద్వారా సలహా అందించే ప్రభుత్వ సేవ ‘టెలీ మానస్’. ఇది 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభమైంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు అప్పగిస్తారు. తెలుగులోనూ ఈ సేవ లభిస్తుంది.

ఫోనులో ముఖకవళికలు, చేతుల వణుకు కనిపించవు. మాట, గొంతు, మౌనం మాత్రమే ఆధారాలు. అందువల్ల ఇక్కడ భాష నిర్ధారణకు సాధనమవుతుంది. తెలుగువారు తమ స్థితిని ‘ఆందోళన’ అని కాక ‘బెంగ పట్టుకుంది’, ‘గుబులుగా ఉంది’, ‘గుండె దడగా ఉంది’ అని చెప్పుకోవచ్చు. ఇవి పర్యాయపదాలు కావు. బెంగ తరచుగా దూరమైన మనిషిని గురించినది. గుబులులో రాబోయే కీడు పట్ల శంక ఉంటుంది. దడ మనోవ్యథకే కాక శారీరక రుగ్మతకూ సూచన కావచ్చు.

‘బర్నవుట్’ విషయంలో చిక్కు మరింత ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 దీనిని వ్యాధిగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా పేర్కొంది. శక్తి ఉడిగిపోవడం, పని పట్ల విముఖత, సామర్థ్యం తగ్గిందన్న భావన దాని మూడు లక్షణాలు. ‘నీరసంగా ఉంది’ అన్న మాట మొదటి లక్షణాన్నే తెలుపుతుంది. మిగిలిన రెండూ అడిగితేనే బయటపడతాయి.

కనుక సలహాదారుల శిక్షణకు పారిభాషిక పదపట్టిక ఒక్కటే చాలదు. ప్రాంతీయ వ్యవహారంలోని బాధావాచకాలను అర్థభేదాలతో సేకరించడం అవసరం. తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన ఇది.