మామిడి బంక కారుస్తోందా? సున్నం పూసే ముందు కారణం చూడండి

చంద్రపూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వెనకే వానాకాలం వస్తుంది. ఎండకు బీటలు వారిన బెరడు తడిసిందంటే తెగుళ్లకు దారి దొరికినట్టే. అందుకే పెరటి మామిడి మొదట్లో ఎర్రటి బంక కనబడగానే పైపైన సున్నం పూసి ఊరుకోకూడదు.

కారేదంతా రోగమేనా?

కాదు. చలి దేశాల్లో మేపుల్ చెట్టుకు గంటు పెడితే, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో తియ్యటి నీరు కారుతుంది. సుమారు 40 లీటర్లు మరిగిస్తే 1 లీటరు పాకం వస్తుంది. తాడోబా అడవిలోనూ పెరిగే నల్లమద్ది కాండంలో నీరు దాచుకుంటుంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు దాని బెరడు కోస్తే నీరు ధార కట్టింది. అక్కడి గిరిజనులైన కొండరెడ్లకు ఆ సంగతి ముందే తెలుసు. మామిడి బంక వేరు. అది గాయం మీద చెట్టు తానే వేసుకునే కట్టు.

3 గుర్తులు

1. కొమ్మ నరికిన చోటే కొద్దిగా బంక వచ్చి ఎండిపోతే భయం లేదు.
2. రంధ్రం, దాని కింద రంపపు పొట్టులాంటి పిప్పి ఉంటే కాండం తొలిచే పురుగు పడినట్టు. లోపలి పురుగు 9 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.
3. బెరడు నల్లబడి, పగిలి, కొమ్మలు చివర్ల నుంచి ఎండుతుంటే అది శిలీంధ్రం పని.

ఏం చేయాలి?

పురుగైతే రంధ్రంలోకి ఇనుప తీగ పోనిచ్చి చంపండి. పెట్రోలులో ముంచిన దూది పెట్టి, బురదమట్టితో మూసేయండి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

శిలీంధ్రమైతే ఎండిన కొమ్మను, పచ్చి భాగం కూడా 3 అంగుళాలు కలిసేలా కోసి కాల్చేయండి. కాండం మీద కుళ్లిన బెరడును శుభ్రమైన కత్తితో చెక్కి, బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడిగా కరిగించి కలిపితే 1 లీటరు పేస్టు వస్తుంది. ప్లాస్టిక్ బకెట్లే వాడాలి. అందులో ముంచిన ఇనుప కత్తికి ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం ఇంకాస్త కలపాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. వానల ముందు ఒకసారి, వెలిశాక ఒకసారి, నేల నుంచి 3 అడుగుల ఎత్తు దాకా పూస్తే మంచిది.

చెట్టు మొదట్లో నీళ్లు నిలవనీయకండి, బెరడుకు మేకులు కొట్టకండి. బంక ఆగకుండా కొమ్మలు ఎండుతూనే ఉంటే చంద్రపూర్ జిల్లాలోనే ఉన్న సిందేవాహి కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. చెట్టు పూర్తిగా ఎండేదాకా ఆగవద్దు.