గ్రంథాలయంలో పజిల్ ఆటలకు చోటుందా?

ఉదయగిరి చెక్క చెంచాలు పేరెన్నికగన్నవి. వాటిని మలచేవారిలో ముస్లిం మహిళలు అధిక సంఖ్యలో ఉన్నారు. మొద్దుగా ఉన్న చెక్కముక్కలో దాగిన గరిటె ఆకృతి ఆ తల్లుల మనసుకు ముందే గోచరిస్తుంది. ఆకారాన్ని మనసులో తిప్పి చూసుకునే ఈ శక్తికి కొన్ని కంప్యూటర్ ఆటలు కూడా పదును పెడతాయంటే చాలామందికి ఆశ్చర్యం కలుగవచ్చు.

వీడియో గేమ్ అనగానే తుపాకుల మోత, వృథా అయిన కాలం మనకు గుర్తుకొస్తాయి. ఆ భయం నిరాధారం కాదు. డబ్బు పందెంతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టమే చేయవలసి వచ్చింది. అయితే పజిల్ ఆటల స్వభావం వేరు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్‌లో పైనుండి దిగే ముక్కలను తిప్పి, ఖాళీలు లేకుండా పేర్చాలి. జపాన్‌లో పుట్టిన సోకోబాన్‌లో గోదాములోని పెట్టెలను నెట్టి వాటి స్థానాలకు చేర్చాలి. వెనక్కి లాగడానికి వీల్లేదు. పెట్టె పొరపాటున మూలకు చేరితే ఇక కదలదు. కనుక అడుగు వేయకముందే పర్యవసానం ఆలోచించాలి.

బుద్ధికి పరీక్ష పెట్టే వినోదం మన చరిత్రకు కొత్త కాదు. 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు చమత్కార యంత్రాలపై గ్రంథమే రచించారు. అదే నగరంలో బీజగణితానికి పునాది వేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే ‘అల్గారిథమ్’ అన్న మాట పుట్టింది.

ఇంట్లో ఫోను ఉండగా గ్రంథాలయం ఎందుకని కొందరు అడగవచ్చు. ఫోనులో ఆట నడుమ ప్రకటనలు చొరబడతాయి. బిడ్డ ఒంటరి అవుతాడు. గ్రంథాలయంలో పెద్దల కనుచూపు ఉంటుంది, కాలపరిమితి ఉంటుంది, పక్కన కూర్చుని కలిసి ఆలోచించే తోటివారుంటారు. సొంత ఫోను లేని ఇంటి ఆడపిల్లకూ అవకాశం దక్కుతుంది. గ్రంథాలయం ఎదిగే జీవి అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. అమెరికా గ్రంథాలయ సంఘం 2008లో ఆటలకై ప్రత్యేకంగా ఒక దినాన్నే ప్రారంభించింది.

ఆడినంత మాత్రాన లెక్కల్లో మార్కులు పెరుగుతాయని మేము చెప్పబోము. ఆట పుస్తకానికి ప్రత్యామ్నాయం కాదు. నమాజు వేళను, బడి పాఠాన్ని అది మింగకూడదు. ఒక కంప్యూటరు, అరగంట గడువు, దాని పక్కనే గణిత వినోదాల పుస్తకాల అర ఉంటే ఆరంభానికి చాలు. ‘ఎలా ఛేదించావు?’ అని బిడ్డను అడిగి, జవాబు చెప్పించడం మరువరాదు. అసలు విద్య ఆ జవాబులోనే ఉంది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల తల్లిదండ్రులు తమ శాఖా గ్రంథాలయ అధికారి ముందు ఈ ప్రస్తావన ఉంచాలని మా విన్నపం. పిల్లల చేతికి తెర ఎలాగూ చేరింది. ఆ తెరపై ఏముండాలో నిర్ణయించే బాధ్యత మనదే.