మీకు తెలుసా? పిల్లల డ్యుయాథ్లాన్‌లో బూట్లు మార్చకపోతేనే ముందుంటారు!

డ్యుయాథ్లాన్‌లో పరుగు, సైకిల్, మళ్లీ పరుగు. అంటే సైకిల్ బూట్లు వాడేవాళ్లు రెండుసార్లు మార్చుకోవాలి. ఆ బూట్లు బిగుసుకునే క్లిప్‌లెస్ పెడల్‌ను స్కీ బైండింగులు చేసే ఫ్రెంచ్ కంపెనీ లుక్ 1984లో తెచ్చింది. మరుసటి ఏడాదే బెర్నార్డ్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. దూరపు రేసులకు అవి భేష్. పిల్లల పోటీల్లో సైకిల్ దూరం తక్కువ కాబట్టి, మార్పిడిలో పోయిన సెకన్లు తొక్కి రాబట్టడం కష్టం. పరుగు బూట్లతోనే తొక్కడానికి వెడల్పాటి ఫ్లాట్ పెడల్ చాలు. కావాలంటే పాదం ముందు భాగాన్ని పట్టి ఉంచే టో క్లిప్ తగిలించుకోవచ్చు, పట్టీ మాత్రం వదులుగా ఉండాలి. హైదరాబాద్ దగ్గరి తుర్కయంజాల్ కాలనీ రోడ్లలో సాధన చేసే పిల్లలకు ఇంకో లాభం: కుక్క అడ్డొచ్చినా, స్పీడ్‌బ్రేకర్ ఎదురైనా కాలు చటుక్కున నేలకు ఆనించొచ్చు. పోటీలో హెల్మెట్ పట్టీ బిగించాకే స్టాండు నుంచి సైకిల్ తీయండి, లేదంటే పెనాల్టీ తప్పదు.